రేవు మెట్లు, నా ఎంటెక్ ప్రాజెక్టు

ఎంటెక్‌లో చేరేనాటికి నాకు ముప్పై నాలుగేళ్లు. మా అమ్మాయి అప్పుడే ఆరో తరగతికి వచ్చింది. అంతకుముందు ఏడేళ్లపాటు బెజవాడలో ఒక నీటిపారుదల ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేశాను. పేరుకు బీటెక్ కంప్యూటర్ సైన్స్. చేసేది మాత్రం అంకెలు కొట్టడం.

కాలువల మీద అక్కడక్కడా నీళ్లు ఆపి వదిలే లాకులుంటాయి. ఒక్కో లాకు దగ్గర నీళ్లలో అంకెలు వేసిన పలక ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాన్ని గేజీ అంటారు. అక్కడ పనిచేసే లస్కరు పొద్దున్నే దాన్ని చూసి, నీళ్లు ఎన్ని అడుగులున్నాయో రిజిస్టర్లో రాసుకుంటాడు. నేను ఫోన్ చేసి ఆ అంకె అడిగి, షీట్లో నింపి, తొమ్మిదిన్నరకల్లా పై ఆఫీసుకు పంపేదాన్ని. ఏడేళ్లలో ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. అదొక గొప్పగా కూడా చెప్పుకునేదాన్ని.

ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజనీరు గారు నా సీటు దగ్గర ఆగి, "ఇన్నేళ్ల రీడింగులున్నాయి కదమ్మా, పైన నీళ్లొదిలితే కాలవ చివర శివారు పొలాలకి ఎప్పటికి అందుతాయో వీటిని బట్టి చెప్పగలమా?" అని అడిగారు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆయన వెళ్లిపోయాక ఆ నవ్వు మీద నాకే చిరాకేసింది. చెప్పగలమనే అనిపించింది. ఎలాగో మాత్రం నాకు రాదు. ఆ ఎలాగన్నది నేర్పే చదువొకటుందని తెలుసు. మా జూనియర్లు కొందరు డేటా సైన్స్ అంటూ ఎప్పుడో చదివేశారు.

మా ఆయనకు ఆటోనగర్లో లేత్ షెడ్డుంది. మధ్యాహ్నం క్యారేజీ తీసుకెళ్లినప్పుడు విషయం చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ విన్నారు.

"ఉద్యోగం మానేయాలా?"

"మానేయాలండి. రోజూ క్లాసులుంటాయి."

"ఇప్పుడు చదివి ఏం చేద్దామని?"

"ఏం చేస్తానో తెలీదు. ఇది తెలుసుకోవాలనుంది."

క్యారేజీ విప్పి అన్నం కలుపుకున్నారు. "పాపని స్కూల్లో దింపడం, తీసుకురావడం నేను చూసుకుంటా. మిగతాది నువ్వు చూసుకో," అన్నారు. ఎంట్రన్స్ రాశాను. ఊరి బయటి ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది.

మొదటి రోజు నేను క్లాసులోకి వెళ్లగానే వెనక బెంచీ అమ్మాయిలు ఇద్దరు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నారు. నేను వెళ్లి వాళ్ల పక్కనే కూర్చుంటే బిత్తరపోయారు. వారం తిరిగేసరికి అందరికీ అక్కనయ్యాను. ప్రోగ్రామింగ్ ఎలాగో లాక్కొచ్చాను. లెక్కలు మాత్రం చేతిలోంచి జారిపోయాయి. మొదటి సెమిస్టర్లో ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ పేపర్ తప్పాను. నోటీస్ బోర్డు మీద నా నంబర్ లేకపోవడం రెండుసార్లు చూసుకున్నాను. మా ఆయనకు ఫోన్లోనే చెప్పాను. ఎదురుగా అయితే ఏడుస్తానని తెలుసు.

సెలవుల్లో ఇంటర్ లెక్కల పుస్తకాలు తెచ్చుకుని మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టాను. వంటింటి గట్టు మీద ఒక లెక్క, బస్సులో ఒక లెక్క. మా అమ్మాయి హోంవర్క్ చేసుకుంటుంటే బల్లకి అటువైపు కూర్చుని నేనూ చేసేదాన్ని. "అమ్మా, నీకు కూడా తప్పులొస్తాయా?" అని అడిగేది. "నీకంటే ఎక్కువ," అనేదాన్ని. రెండోసారి పాసయ్యాను. మార్కులు గొప్పగా ఏమీ రాలేదు. అప్పట్నించి క్లాసులో సార్ బోర్డు మీద రాసేది నాకు అర్థమవడం మొదలైంది.

ప్రాజెక్టు ఏం చేయాలన్నది నాకు ముందే తెలుసు. పాత ఆఫీసుకు ఉత్తరం పెట్టి, అనుమతి తీసుకుని, నేను నింపిన షీట్లే తెచ్చుకున్నాను. పైన ఎంత నీరు వదిలారో ఇస్తే, కింద మూడు గేజీల దగ్గర ఏ రోజుకు ఎంత మట్టం వస్తుందో ముందుగా చెప్పే మోడల్ తయారుచేయాలి. నా గైడు నాకంటే మూడు నాలుగేళ్లు చిన్నవాడు. ఆయన నన్ను మేడమ్ అనేవారు, నేను ఆయన్ని సార్ అనేదాన్ని.

మొదటి రెండు గేజీలకు మోడల్ బాగానే చెప్పింది. మూడోదాని దగ్గర మాత్రం పిచ్చి పిచ్చి జవాబులిచ్చింది. పది రోజులు కోడంతా తిరగేశాను. తప్పు కోడ్లో లేదు. విసుగొచ్చి అంకెలు వరసగా చదివితే అప్పుడు కనపడింది. ఒక సీజన్లో వారాల తరబడి ప్రతిరోజూ ఒకటే అంకె, ఏడు పాయింట్ రెండు. వాన పడ్డా ఏడు పాయింట్ రెండే, పైన గేట్లు దించినా ఏడు పాయింట్ రెండే.

సార్‌కు చూపించాను. "ఆ గేజీ తీసేయండి మేడమ్," అన్నారు. "రెండు గేజీలతో కూడా ప్రాజెక్టు అయిపోద్ది. ఎవరూ అడగరు."

"శివారుకి దగ్గర్లో ఉన్నది అదొక్కటే సార్. అది తీసేస్తే నేనడిగిన ప్రశ్నే ఉండదు."

"మరేం చేస్తారు?"

"వెళ్లి చూసొస్తాను."

ఆ లాకు కూచిపూడి దాటాక ఇంకా లోపలికి ఉంటుంది. బస్సు దిగి ఆటో ఎక్కి, కాలవ గట్టు మీద కొంత దూరం నడిచాను. లస్కరు అరవై దగ్గర పడిన మనిషి. కాలేజీ నుంచి వచ్చానంటే గదిలోంచి కుర్చీ తెచ్చి వేప చెట్టు నీడలో వేసి, తను గట్టు మీద కూర్చున్నారు. నేను కాగితం తీసి ఆ అంకెలు చూపించాను.

"పలక ఒరిగిపోయిందమ్మా అప్పుడు," అన్నారు. "గుర్రపుడెక్క తీసే మిషనొకటి వచ్చింది కాలవలోకి. అది తగిలి పక్కకి వాలిపోయింది. అంకెలు కనపడవు. రెండుసార్లు చెప్పాను పైకి. మరుసటేడు గానీ నిలబెట్టలేదు."

"మరి ఈ అంకె ఎక్కడిదండీ?"

"ఖాళీ పెడదామనే అనుకున్నాను. పెట్టాను కూడా రెండ్రోజులు. ఆఫీసు నుంచి ఓ మేడమ్ గారు ఫోన్ చేసేవారు. కనపట్టం లేదండీ అంటే, ఖాళీ పెడితే షీటు పోదు, ఏదో ఒకటి చెప్పండి అనేవారు. అంతకుముందు రోజుది చెప్పాను. ఇంక రోజూ అదే చెప్పాను." నా మొహంలోకి చూసి, "మీ గొంతు కూడా అట్టానే ఉందమ్మా," అన్నారు.

"అది నేనేనండి," అన్నాను.

నాకు ఆ ఫోన్లు గుర్తున్నాయి. ఈయన ఒక్కరికే కాదు, ఎందరికో అదే మాట చెప్పాను. ఆలస్యం చేయలేదని గొప్పగా చెప్పుకున్న ఏడేళ్లలో ఇలాంటి అంకెలు ఇంకెన్ని కొట్టానో నాకు తెలియదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "మీ పని మీది," అని లేచి, గదిలోంచి అట్ట చిరిగిన నోటుబుక్కు ఒకటి తెచ్చారు. లాకు పక్కనే పాత రాతి రేవుంది. పద్నాలుగు మెట్లు. రోజూ పొద్దున్నే నీళ్లు ఎన్ని మెట్లు ముంచాయో ఆయన రాసుకుంటూ వచ్చారు. పలక వాలిపోయిన రోజులే కాదు, అంతకుముందూ ఆ తర్వాతా కూడా. "ఆరు మెట్లు మునిగినయి. ఏడో దానికి బెత్తెడు తక్కువ." ఇలా పేజీల కొద్దీ.

"ఇది ఎందుకు రాశారండీ? ఎవరూ అడగలేదు కదా."

"నీళ్లు చూడటానికే గదమ్మా నన్ను పెట్టింది."

ఆయన అనుమతితో అన్ని పేజీలూ ఫోన్లో ఫోటో తీసుకున్నాను. బయల్దేరుతుంటే వెనక నుంచి అడిగారు. "నా పేరు రాస్తారా అందులో? తప్పు అంకె రాశానని?"

"రాయనండి. లాకు పేరు కూడా రాయను. మూడో గేజీ అని రాస్తాను."

సార్ ఆ ఫోటోలు చూసి తల పట్టుకున్నారు. మెట్లతో మోడల్ నడవదు, ప్రతి మెట్టు ఎత్తూ తెలియాలి అన్నారు. కింది మెట్లు నీళ్లలో ఉన్నాయి. కొలవాలంటే వేసవిలో నీళ్లాపి కాలవ కట్టేసేదాకా ఆగాలి. అప్పటికి సబ్మిషన్ గడువు దాటిపోతుంది.

"మీ బ్యాచ్‌తో పాటు బయటికి రాలేరు మేడమ్. ఒక సెమిస్టర్ పోతుంది. ఇంట్లో అడగండి."

"అడగను సార్, చెప్తాను. ఆగుతాను."

చెప్పినంత తేలిగ్గా ఏమీ లేదు. నా పక్కన కూర్చున్న ఆ ఇద్దరమ్మాయిలూ రిపోర్టులు బైండింగ్ చేయించుకుని, ఉద్యోగాలకు హైదరాబాద్ వెళ్లిపోయారు. బెంచీ మీద నేనొక్కదాన్నే మిగిలాను. చుట్టాలు ఎవరైనా ఇంకా అవలేదా అంటే, అవుతుంది అని ఊరుకునేదాన్ని. ఆ నెలల్లో నోటుబుక్కులో ప్రతి వాక్యాన్నీ కూర్చుని టైపు చేశాను. చదవలేని చోట ఖాళీ వదిలేశాను. ఖాళీ వదలడం నాకు అప్పుడే అలవాటైంది.

కాలవ కట్టేశాక ఒక ఆదివారం, చర్చి అయ్యీ అవగానే, మా ఆయన షెడ్డు నుంచి స్టీలు టేపు, మట్టం సరిచూసే రసమట్టం తీసుకుని బండెక్కారు. పామర్రు మీదుగా వెళ్లాం. కాలవ అడుగున బురద, ప్లాస్టిక్ సంచులు, ఎండిన గుర్రపుడెక్క. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి దిగారు. పై నుంచి లస్కరు గారు మెట్ల నంబర్లు చెప్తుంటే, ఈయన కొలిచి మిల్లీమీటర్లలో అరిచేవారు. నేను రాసుకున్నాను. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్న మెట్లు ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తు. అడుగున రెండు మరీ పొట్టివి.

"బెత్తెడంటే ఎంతో అది కూడా కొలవాలి," అన్నారు మా ఆయన, ఒడ్డుకొచ్చి.

లస్కరు గారు నాలుగు వేళ్లు దగ్గర పెట్టి చెయ్యి చాపారు. ఈయన దాన్ని ఏదో మిషన్ పార్టు కొలిచినంత శ్రద్ధగా మూడుసార్లు కొలిచారు. ఆ పెద్దాయన నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ రోజు వాళ్లింట్లోనే భోజనం చేశాం.

పలక నిటారుగా ఉన్న రోజుల్లో రిజిస్టరు అంకెలూ, మెట్ల లెక్కా పక్కపక్కన పెట్టి చూశాను. చాలా దగ్గరగా ఉన్నాయి. దాంతో ఆ చెడిపోయిన సీజన్ అంకెలు తీసేసి మెట్ల లెక్క పెట్టాను. మోడల్ దారిలో పడింది. తుఫాను రోజుల్లో ఇప్పటికీ తప్పుతుంది. మామూలు రోజుల్లో మాత్రం శివారుకు నీళ్లెప్పుడు అందుతాయో రెండ్రోజుల ముందే చెప్పగలిగింది.

రిపోర్టులో ఒక పేరా నేను పట్టుబట్టి రాశాను. మూడో గేజీ దగ్గర ఫలానా సీజన్లో పలక చదవడానికి వీల్లేకుండా ఉందనీ, ఆ అంకెలు ఖాళీ ఉంచకూడదన్న ఒత్తిడి వల్ల నింపినవనీ, ఆ ఒత్తిడి పెట్టిన ఆపరేటర్ ఈ రిపోర్టు రాసిన మనిషేననీ. సార్ ఆ పేజీ దగ్గర ఆగారు.

"ఇది అవసరమా మేడమ్?"

"అవసరమే సార్. లేకపోతే తప్పు లస్కరు గారిదనుకుంటారు."

వైవాకు వేరే ఊరి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు సరిగ్గా ఆ పేజీయే తెరిచారు.

"ఈ ఆపరేటర్ మీరేనా?"

"అవునండి."

"మిగతా రెండు గేజీల అంకెల్లో ఇలాంటివి లేవని మీకెలా తెలుసు?"

"తెలియదండి," అన్నాను. "వెళ్లి చూసింది ఒక్కచోటే. మిగతావి కూడా చూడాల్సిందే."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఈ మాట కూడా చివరి అధ్యాయంలో కలిపి మళ్లీ ఇవ్వండి," అన్నారు. వారంలో కలిపి ఇచ్చాను. పాసయ్యాను. ఒక కాపీ పాత ఆఫీసుకు ఇచ్చి వచ్చాను. ఎవరైనా చదివారో లేదో నాకు తెలియదు.

ఇప్పుడు రొయ్యల చెరువుల నీటి వివరాలు చూసి రైతులకు ముందే హెచ్చరిక పంపే చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. చేరిన మొదటి వారం నాకు పెద్ద ఫైలొకటి పంపించి పని మొదలుపెట్టమన్నారు. ముందు కైకలూరు వైపు చెరువుల మీదకి వెళ్లొస్తానన్నాను.

"ఫైల్లో అన్నీ ఉన్నాయి కదండీ," అన్నారు మేనేజర్ గారు.

"ఉన్నాయండి. రాసినవాళ్లతో మాట్లాడాలి."

బుధవారం బండి ఏర్పాటు చేశారు.