మొదటి ట్యూబు పారేసే ఆపా

మొన్న మంగళవారం పొద్దున్నే దబీర్‌పురా నుంచి ఫోన్. "అమ్మీ పోయింది అక్కా" అన్నాడు ఆపా కొడుకు. మా ల్యాబులో ఇరవై ఏళ్లపాటు రక్తం తీసిన మనిషి. అక్క అన్నట్టుగా అందరం ఆపా అనే పిలిచేవాళ్లం. పేపర్లో వేసేంత పేరు ఆమెకు లేదు. నాకేమో రాయకుండా ఉండబుద్ధి కావడం లేదు.

మా పని గురించి ఒక్క ముక్క చెప్పాలి. క్యాన్సర్ గడ్డ నుంచి ఊడిన కణాలు కొన్ని రక్తంలో తిరుగుతుంటాయి. కోట్ల రక్తకణాల మధ్య వాటిని వెతికి, ఒక్కొక్కదాన్నీ విడిగా తీసి, జన్యువులు చదువుతాం. ఏ మందు పనిచేయదో ఒక్కోసారి ఆ కణమే చెబుతుంది.

కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో నాకు పొగరెక్కువ. ఆపా ఎవరి దగ్గరైనా మొదట ఒక చిన్న ట్యూబు నింపి పారేసేది, రెండోదే నాకిచ్చేది. ఇదేం చాదస్తమని, ఒకసారి ఆమె చూడకుండా మొదటిదే పట్టుకుపోయాను. మైక్రోస్కోపులో నాలుగు కణాలు మెరిశాయి. ఎగిరి గంతేశాను. తీరా జన్యువులు చదివితే ఏముంది, సూది దిగేటప్పుడు ఊడివచ్చిన మామూలు చర్మకణాలు! మా ల్యాబు పెద్ద సార్ ముందు తల కొట్టేసినట్టయింది. ఆపా మాత్రం సాసరులో చాయ్ పోసుకుంటూ నవ్వింది.

"ఏంది డాక్టరమ్మా, తోలు పట్టుకొని బీమారీ అంటవా? గా మనిషికి చెప్పుంటే పానం పోతుండె గదా!"

సూది గుచ్చే ముందు ప్రతి రోగినీ "ఏ బస్సుల వచ్చినవ్?" అని అడిగేది. శాలిబండ వాళ్లయితే, తన ఇంటి వైపు వాళ్లని, గల్లీతో సహా ఆరా తీసేది. వాళ్లు చెప్పడం పూర్తయ్యేలోపు పని అయిపోయేది.

రెండేళ్ల క్రితం ఆమెకే రొమ్ము క్యాన్సర్ వచ్చింది. మాత్రలతో నోరంతా పుండ్లు, మంచినీళ్లు తాగినా వాంతి. "దవా పనిచేస్తది, ఓర్చుకుంట" అనేది. ఆశంతా ఆ మాత్ర మీదే. అది పనిచేస్తోందో లేదో చూడమని ఆమెకు వైద్యం చేసే డాక్టరు మమ్మల్ని అడిగాడు. సన్నబడిన ఆ చేతి నుంచి రక్తం చుక్కచుక్కగా వస్తుంటే చూడలేక, "ఒక్క ట్యూబు చాల్లే ఆపా" అన్నాను.

"అందరికొక రూలు, నాకొక రూలా? మొదటిది పారెయ్" అని కసిరింది.

ఐదు కణాలు దొరికాయి. ఐదింటిలోనూ ఆ మాత్రకు లొంగని మార్పే. ఎక్కడో పొరపాటు జరిగిందిలే అనుకునే దారి కూడా నాకు మిగల్చలేదు ఆ మహాతల్లి. బాత్‌రూంలోకి వెళ్లి ఏడ్చాను.

స్కానూ అదే చెప్పింది. వేరే మందులు ఆమె ఒంటికి పడవని డాక్టరు మెల్లగా వివరించి, మాత్రలు ఆపేశాడు. బయటికొచ్చాక ఆమే నా భుజం తట్టింది.

"ఫికర్ చెయ్యకు బేటా. మంచిగ చూసినవ్. పనికిరాని మాత్రతోని ఇన్ని దినాలు ఉత్తగనే తండ్లాడిన."

కొన్ని వారాలకు పుండ్లు మానాయి. ఒక ఆదివారం పొద్దున వెళ్లేసరికి భోజనానికి నేల మీద పరిచిన దస్తర్‌ఖాన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఖిచిడీ, ఖీమా, పుల్లటి ఖట్టా. "చూస్తున్నవేంది, కూసో" అంటూ నాకూ వడ్డించింది. తన పళ్లెం ఖాళీ చేసి, వేళ్లు నాకుతూ, వంటింట్లో ఉన్న కోడలికి వినపడేలా అరిచింది.

"ఇంకింత తే! ఇయ్యాల మస్తు ఆకలైతున్నది."