కాలువ కట్టేసే ముందు రోజు

విజ్జేశ్వరం లాకుల దగ్గర గోదావరి కాలువలోకి దిగడం ఎన్నోసార్లు చూశాను. ఆ నీరు చివరికి ఎక్కడ ఆగుతుందో మాత్రం చూడలేదు. వేసవికి కాలువలు కట్టేస్తున్నారని పేపర్లో చదివి, మర్నాడు ఉదయం ఆరింటికి రాజమండ్రిలో నరసాపురం బస్సెక్కాను.

పాలకొల్లులో ఇడ్లీ తిని వచ్చేసరికి నా పక్క సీట్లో నాగమణి అనే కౌలు రైతు కూర్చుని ఉంది. కాలువ చివరనున్న ఊరు ఆమెది.

"రేపు కాలువ కట్టేస్తారండి బాబాయిగారూ. మా చేను ఇప్పుడే పాలు పోసుకుంటోంది. ఇంకొక్క తడి అందకపోతే అంతా తాలేనండి."

"అందుతుందా అమ్మా?"

"ముందు చెరువు నిండాలి కదండి."

నరసాపురంలో బస్టాండు పక్క లాడ్జిలో సంచి పెట్టి, ఆమెతోనే ఆటోలో వాళ్ల ఊరికి వెళ్లాను. వెళ్లేవారు మధ్యాహ్న భోజనం కట్టించుకోవడం మంచిది, అక్కడ హోటళ్లు లేవు. సముద్రం దగ్గర కాబట్టి ఎక్కడ బోరు వేసినా ఉప్పునీరే. వేసవంతా ఊరు తాగేది మంచినీళ్ల చెరువులో నింపుకున్న కాలువ నీరు. అది నిండేదాకా చేలకు వెళ్లే తూములన్నీ మట్టి బస్తాలతో మూసేశారు.

నాగమణి భర్త సూరిబాబు తమ తూము దగ్గర పారతో నిలబడ్డాడు.

"గంటసేపు తీస్తే ఎవరికి తెలుస్తుందే?"

"చెరువుకి తెలుస్తుంది. ఎండల్లో బిందె పట్టుకుని నువ్వెళ్తావా?"

"తియ్యరా సూరీ, మేవందరం మీ అత్తోరింటికెళ్లి తాగుతాంలే," అన్నాడు పక్క చేను ముసలాయన. ఆయన తూమూ మూసే ఉంది. సూరిబాబు పార పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నాడు.

చెరువు నిండేసరికి సాయంత్రం ఐదయింది. అందరికంటే ఆలస్యంగా నాటిన చేను కాబట్టి ముందు నాగమణి తూమే తీశారు. అప్పటికే కాలువ సన్నబడింది. నీరు సగం చేను దాకా పాకి ఆగిపోయింది. ఆమె ఆ తడి అంచు వెంట నడిచి, ఒక గింజ నొక్కి చూసి, "ఇక్కడిదాకా మనది," అంది భర్తతో.

మర్నాడు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పై ఊళ్ల తూములకూ బస్తాలు అడ్డం వేసే ఉన్నాయి. వాటి వెనక పైర్లు దాహంగా నిలబడ్డాయి. ఎక్కడా కాపలా లేదు. పంట కోసం తవ్విన కాలువే ఇది. అయినా ఆఖరి నీరు ముందు మనిషి గొంతుకు, మిగిలితే మడికి. తాము వదిలిన నీరు కింద ఏ ఊరు తాగుతుందో ఈ పై ఊళ్ల రైతుల్లో ఎందరికి తెలుసో. తణుకు దాటేదాకా కిటికీ వైపు నుంచి తల తిప్పలేకపోయాను.