మైదాతో అతికించిన పాలపిట్ట

మా మేడమీది డ్రాయింగ్ సారు పోయారు. దసరా ఇంకా వారముందనగా పొద్దున్నే దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. బట్ట కత్తిరిస్తూనే ఎత్తాను. నాంపల్లిలో ఆయన చేసిన పాలపిట్టను చూసినవాళ్లకు ఆయనెవరో చెప్పనక్కర్లేదు. చూడనివాళ్లకు ఇక చూపించలేను.

దసరానాడు పాలపిట్టను చూడాలి కదా, మా గల్లీలో పాలపిట్ట ఎక్కడిది? ఒక ఏడు ఎవడో పంజరంలో పెట్టి తెచ్చాడు. సారుకు ఒళ్లు మండింది. "బందీ జేసిన పిట్టను జూస్తే ఏం మంచి జరుగుతదిరా?" అని వాణ్ని తరిమేశారు. మరుసటి ఏడు ప్లైవుడ్ చెక్కమీద తానే ఒక పిట్టను చేశారు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు ఏరుకొచ్చిన పాత పత్రికల నీలి కాగితాలు, బస్సు టికెట్లు, పెళ్లికార్డుల తళుకులు, నా కుట్టుమిషను కింద పడ్డ బ్లౌజుపీసులు, అన్నీ అందులోకే. "చెల్లె, నెమలికంఠం రంగు ముక్కుంటే జర దాచిపెట్టు" అంటూ గుమ్మంలో నిలబడేవారు. పని చెడుతోందని విసుక్కునేదాన్ని, దాచేదాన్ని కూడా.

అతికించేది మాత్రం ఉడికించిన మైదాతోనే. పురుగు పట్టకుండా అందరూ అందులో మైలుతుత్తం కలుపుతారు. ఆయన కలిపేవారు కాదు. "పోరగాండ్లు పిట్టను ముట్టి కండ్లకద్దుకుంటరు. ఆళ్ల కండ్లల్ల విషం పెట్టాల్నా?" అనేవారు. దాంతో ఏడాది పొడుగునా బొద్దింకలు ఆ పిట్టను తినేవి, దసరా ముందు ఆయన మళ్లీ అతికించేవారు. "తిననీ చెల్లె, నేనున్న గదా!" ఇదొక్కటే ఆయన మందు. తాను లేని దసరా ఒకటి వస్తుందని ఆ మహానుభావుడికి తట్టలేదు.

దవాఖాన మంచం మీద కూడా అదే ధ్యాస. "రెక్క అతికిచ్చినవా?"

"ఔ సారూ, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాను. నిజంగానే అతికించాను. నా చేతిలో అది కాకి అయింది. ఎండేసరికి రెక్క చిరిగిన జేబులా వేలాడింది. సారు చూడలేదు, నయం.

దసరానాడు చెక్కను గుమ్మంలో పెట్టాను. గల్లీ అంతా వచ్చి ముట్టుకుంది, కళ్లకద్దుకుంది. ముట్టినకొద్దీ నీలిముక్కలు వేళ్లకంటుకుని ఊడొచ్చాయి.

"ఆగుండ్రి! మళ్ల అతికిచ్చేటాయన లేడు!" అని అరిచాను, ఏడ్చాను. ఎవరిని తిట్టను? వాళ్లూ సారు కోసమే వచ్చారు.

సాయంత్రానికి చెక్కమీద ముక్కు, ఒక కన్ను మిగిలాయి. ఎదురింటి ముసలమ్మ వచ్చి నా చేతిలో జమ్మి ఆకు పెట్టింది. ఆమె కనురెప్పమీద నెమలికంఠం రంగు బ్లౌజుముక్క ఇంకా అంటుకునే ఉంది. ఆమె రెప్ప వేసినప్పుడల్లా అది కదిలింది.