పరదాలు చాలని బొగ్గు

లెక్కల్లో డిగ్రీ అయ్యాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం విశాఖ పోర్టు పక్కన ఒక ప్రైవేటు బొగ్గు యార్డులో. ప్రతి కుప్ప చుట్టుకొలత, ఎత్తు కొలిచి, అందులో ఎంత బొగ్గుందో లెక్కగట్టడం నా పని. శంకువు ఘనపరిమాణం, అంతే. దువ్వాడ నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. ఇంటికెళ్ళి ముఖం కడుక్కుంటే నీళ్ళు నల్లగా దిగేవి.

ఒక అక్టోబరులో వాయుగుండం వస్తోందన్నారు. వ్యాగన్లకెక్కించగా మిగిలిన బొగ్గు నాలుగు చిన్న కుప్పలుగా, ఇంచుమించు ఒకే సైజులో ఉంది. వానకి కాలవలోకి కొట్టుకుపోకుండా కప్పించమని మా సూపర్‌వైజరుకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. ఆయనది రాజమండ్రి వైపు, నెమ్మదస్తుడు. గోదాములోని టార్పాలిన్ పరదాలన్నీ బయటికి తీయించారు. నాకెందుకో అనుమానమొచ్చి, కుప్ప అంచు నుంచి కొన దాకా తాడు వేసి కొలిచాను.

"సార్, ఇవి సాలవు. పావు వంతు తక్కువొస్తాయి."

"అదేంటమ్మా, నేల కొలిచే చూశాను కదా!"

"నేలకైతే సరిపోతాయి సార్. కుప్ప వాలు నేల కన్నా ఎక్కువుంటాది. పైగా అంచు మీద అంచు ఎయ్యాల."

ఆయన తెలిసిన షాపులన్నిటికీ ఫోన్ చేశారు. ఎక్కడా పరదా లేదు. లోడరు నడిపే ఆయన కిందికి దిగి, "ఏటి సేద్దాం మేడమ్? ఒకటి వొదిలేద్దామా?" అన్నాడు.

అప్పుడు తట్టింది. బొగ్గు తగ్గించలేం గానీ, వానకి తగిలే ఒళ్ళు తగ్గించొచ్చు.

"నాలుగూ కలిపి ఒకే కుప్ప సేద్దాం సార్."

"బొగ్గు అంతే ఉన్నప్పుడు పరదా ఎలా తగ్గుతుందమ్మా?"

కింద కూర్చుని బొగ్గుపొడితో నాలుగు చిన్న కుప్పలు పోసి, నా కర్చీఫు కప్పాను. ఒకటి బయటే ఉండిపోయింది. నాలుగూ చేత్తో దగ్గరికి లాగి ఒకటే చేసి మళ్ళీ కప్పితే, కర్చీఫు నేల దాకా దిగింది. ఆయన దాన్ని తీసి చూసి, మళ్ళీ కప్పి చూశారు.

"రెండున్నర కుప్పలకి పట్టే పరదా సాలు సార్," అన్నాను.

సాయంత్రానికి లోడరు పని ముగించింది. ఒకే కుప్ప, ప్రహరీ కంటే ఎత్తుగా. పరదాలు కప్పి, తాళ్ళు బిగించి, ఇసక బస్తాలు పెట్టారు. ఇంట్లో వాన చప్పుడుకి నాకు అన్నం సహించలేదు. లెక్క మీద నమ్మకముంది, కానీ గాలిని లెక్కలో వెయ్యలేదు.

మర్నాడు సముద్రం వైపు ఒక మూల చిరిగి, కాస్త నల్లనీళ్ళు కారాయి. మిగతాదంతా నిలిచింది. సూపర్‌వైజరు చుట్టూ తిరిగి చూసొచ్చి, టీ తాగుతూ అన్నారు: "మా అమ్మాయి పదో తరగతి. లెక్కల్లో ఈ ఘనపరిమాణాల పాఠమొస్తే పుస్తకం మూసేస్తోంది. ఆదివారం ఒకసారి రాగలవా?"

వెళ్ళాను. ఆ పిల్ల చపాతీ పిండిని ముద్దలు చేస్తూ, కలుపుతూ, మళ్ళీ విడదీస్తూ నన్ను మధ్యాహ్నం దాకా కదలనివ్వలేదు. వాళ్ళమ్మ ఇక చపాతీల ఆశ వదులుకుని అన్నం వండింది.