కొలనులో తగ్గిన ఐదడుగులు

ఆ రోజు పదిమంది తల్లిదండ్రుల ముందు ఒక తండ్రిని ఎగతాళి చేశాను. అతను చెప్పింది నిజమో కాదో చూడకుండానే చేశాను. నవ్వేవాళ్లు నవ్వారు. అతని కూతురు నీళ్లలో నిచ్చెన పట్టుకుని అంతా విన్నది. నేను విజిల్ ఊది మళ్లీ పనిలో పడ్డాను.

నల్లగొండలో ఊరి చివర, ఒక ఫంక్షన్ హాలు వెనుక ఉన్న ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పడం నా పని. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు మొదలుపెట్టాను. ఎండాకాలంలో చేరినవాళ్లలో ఎక్కువమంది వానలు పడగానే మానేస్తారు. మిగిలిన కొద్దిమందిని హైదరాబాదులో జరిగే రాష్ట్ర పోటీలకు తయారు చేస్తాను. పిల్లలను తయారు చేయడం కన్నా వాళ్ల ఇంటివాళ్లను తయారు చేయడం కష్టం. అందుకని పోటీలకు మూడు వారాల ముందు ఒక సాయంత్రం అందరినీ కొలను పక్కన బెంచీల మీద కూర్చోబెడతాను. పోటీ రోజు పొద్దున పూరీలు పెట్టొద్దు, కళ్లద్దాలు ఇంకో జత, తువ్వాళ్లు రెండు తెచ్చుకోండి, పిల్ల నీళ్లలో దిగే ముందు ‘మెడల్ కొడతవా’ అని అడగొద్దు అని చెబుతాను. ఇన్ని చెప్పాక చివరికి ఎవరో ఒకరు పులిహోర తేవచ్చా అని అడుగుతారు.

ఆ ఏడు కూడా అంతా అట్లాగే నడిచింది. చివరిలో ఎప్పుడూ చెప్పే మాట చెప్పాను. “పెద్ద కొలను చూడంగనే పిల్లలు భయపడ్తరు. ఇక్కడి టైం అక్కడ రాదు. మీరు జర ధైర్యం చెప్పాలె.”

అప్పుడు వెనుక బెంచీ మీది నుంచి ఆ తండ్రి లేచాడు. అతను ఇళ్లలో బండలు, టైల్స్ పరిచే మిస్త్రీ. కూతురికి పన్నెండేళ్లు. బ్రెస్ట్ స్ట్రోక్‌ను మా పిల్లలు కప్ప ఈత అంటారు, అందులో ఆమె ముందుండేది. రోజూ సాయంత్రం పని నుంచి నేరుగా వచ్చి, సిమెంటు మరకల చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చునేవాడు. నేనెప్పుడూ అతనితో సరిగ్గా మాట్లాడలేదు.

“సార్, జర ఒక మాట. గీ కొలను ఇరవై అయిదు మీటర్లు లేదు.”

గోడ మీద నేనే నీలం రంగుతో రాయించిన ‘25 మీటర్లు’ అన్న అక్షరాలు చూపించాను. “రాసున్నది గద భాయ్.”

“రాసున్నది సార్. గని అంచు బండలు లెక్కవెట్టిన. ఒక్కో బండ రెండడుగులు. ముప్పయ్యెనిమిదిన్నర ఉన్నయి. అంటే డెబ్బయ్యేడు అడుగులు. ఇరవై అయిదు మీటర్లంటే ఎనభై రెండుండాలె.”

మా క్లబ్బులో మాట పదును ఎక్కువ ఉన్న ఒక తల్లి ఉండేది. ఆమె ఊరుకోలేదు. “మిస్త్రీ భాయ్, నీళ్లకు గూడ పాలిష్ పెడ్తవా ఏంది?”

అందరూ నవ్వారు. అక్కడితో ఆగితే సరిపోయేది. నేను ఆగలేదు. “నీ బండల లెక్క నువ్వు పనికాడ చూస్కో భాయ్. గీ నీళ్ల లెక్క నేను చూస్కుంట” అన్నాను.

నవ్వు ఇంకా పెరిగింది. అతను కూర్చున్నాడు. కూతురు తల నీళ్ల కిందికి దించి, అవతలి గోడ దాకా పైకి తేలకుండా పోయింది.

మరునాడు పొద్దున పిల్లలు రాకముందే కొలను దగ్గరికి వెళ్లాను. పశ్చాత్తాపంతో వెళ్లానని చెప్పుకోవాలని ఉంది కానీ అది నిజం కాదు. ఆ అర బండ సంగతి నా మనసులో తిరుగుతూ ఉండింది. ముప్పయ్యెనిమిది అంటే మరిచిపోయేవాణ్నేమో. ముప్పయ్యెనిమిదిన్నర అన్నాడు. ఊరికే అనే మనిషికి అర ఎక్కడి నుంచి వస్తుంది?

టేపు తీసుకుని అంచున నడిచాను. అవతలి కొస పట్టుకోవడానికి ఎవరూ లేరు. టేపు కొసను బండ సందులో ఇరికిస్తే జారిపోయింది. చివరికి అతని లాగే బండలు లెక్కపెట్టాను. మూడుసార్లు లెక్కపెడితే మూడుసార్లూ చివర అర బండ మిగిలింది.

ఇంటికి పోయి పాత నోటు పుస్తకాలు తీశాను. ప్రతి పిల్ల టైమింగు తేదీతో సహా రాసుకునే అలవాటు నాది. ఆరేళ్ల కింద ఒక వేసవిలో మా పిల్లలందరికీ యాభై మీటర్లకు రెండు మూడు సెకన్లు తగ్గాయి. చిన్నవాళ్లకూ తగ్గాయి, పెద్దవాళ్లకూ తగ్గాయి, అప్పుడే జ్వరం నుంచి లేచి వచ్చిన పిల్లకు కూడా తగ్గాయి. అప్పట్లో అది నా శిక్షణ ఫలం అనుకున్నాను. తల్లిదండ్రులంతా కలిసి నాకు శాలువా కప్పారు. ఆ ఎండాకాలానికి ముందే కొలను లీకవుతోందని యజమాని లోపలి వైపు ఇంకో గోడ కట్టించాడు. ఆ గోడ కడుతుంటే పక్కన నిలబడి చాయ్ తాగింది నేనే. గోడ లోపలికి వస్తే కొలను పొట్టిదవుతుందన్న సంగతి నా తలకు తట్టలేదు.

పోటీలు జరిగే పెద్ద కొలను యాభై మీటర్లు, మధ్యలో మలుపు ఉండదు. గోడను కాళ్లతో తన్ని వచ్చే వేగం దొరకదు కాబట్టి అక్కడ టైం కొంత పెరుగుతుందని నాకు తెలుసు. దానికి మించి పెరిగిన ప్రతిసారీ నేను భయం అని పేరు పెట్టాను. ఆరేళ్లుగా మా పిల్లలు పోటీల నుంచి ఆ పేరు మోసుకుని ఇంటికి వచ్చారు.

అతను ఎక్కడ పనిలో ఉన్నాడో కనుక్కుని పక్కనే ఉన్న పానగల్ వెళ్లాను. కొత్త ఇంట్లో వంటగదిలో మోకాళ్ల మీద కూర్చుని టైల్ కింద సిమెంటు సర్దుతున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని లేచాడు.

“మీరెందుకొచ్చిండ్రు సార్? ఫోన్ చేస్తే నేనే వస్తుంటి గద.”

“నీ లెక్క నిజం భాయ్” అన్నాను. క్షమించమని కూడా అన్నాను. అది అక్కడ, ఇద్దరమే ఉన్నచోట అనడం సులువుగా ఉండింది. సులువుగా ఉంది కాబట్టే అది చాలదని అప్పుడే తెలిసింది.

తరువాత నాకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నది అడిగాను. మా క్లబ్బుకు నేను పెట్టిన ఒక నియమం ఉంది. బోర్డు మీద రాసిన టైం కొట్టినవాళ్లనే పోటీలకు తీసుకుపోతాను. యాభై మీటర్ల కప్ప ఈతకు నలభై ఆరు సెకన్లు. అతని కూతురు నలభై అయిదులో వచ్చింది. కొలను పొట్టిదని తేలితే ఆ టైం నిలవదు. “అది నీకు తెల్వదా?” అని అడిగాను.

“తెలుసు సార్. బిడ్డ టైం పోతది.”

“మరి ఎందుకు చెప్పినవ్?”

అతను పరిచిన టైల్‌ను అరచేతితో ఒకసారి నిమిరాడు. “మీరే అంటిరి గద, గాడ పిల్లలు భయపడ్తరని. నా బిడ్డ గాడికి పోయి ఎనకవడితే దాన్ని గూడ గట్లనే అంటరు. అది భయపడలేదని దానికి తెలుసు. మీరేమో భయపడ్డదంటరు. అప్పుడది ఎవల మాట నమ్మాలె సార్?”

సాయంత్రం కొలను దగ్గరికి టేపు తీసుకుని రమ్మని అతన్ని అడిగాను.

ఆ సాయంత్రం అవే బెంచీలు, ఆ మనుషులే. ముందు రోజు నిలబడ్డ చోటే నిలబడి చెప్పాను. కొలను ఐదడుగులు పొట్టిది, ఆరేళ్ల నుంచి పొట్టిది, ఈయన చెబితే నేను ఎగతాళి చేశాను, తప్పు నాది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ మాట పదునైన తల్లే మొదట తేరుకుంది.

“గట్లయితే సార్, గా శాలువా వాపస్ ఇస్తరా?”

“ఇస్తనమ్మా.”

“వద్దు తియ్యి, చలికాలం పనికొస్తది” అన్నది. తరువాత మిస్త్రీ వైపు తిరిగి, “భాయ్, నిన్న నేనన్నది గూడ మనసుల పెట్టుకోకు” అన్నది.

అతను టేపు ఒక కొస నా చేతికిచ్చి, రెండో కొస తాను పట్టుకున్నాడు. డెబ్బయ్యేడు అడుగులే. పోటీలు మూడు వారాల్లో ఉన్నాయి, గోడ పగలగొట్టలేము. ఏం చేద్దామని అందరూ తలో మాట అంటుంటే అతను కొలను వెడల్పు కొలిచాడు. ఇరవై ఎనిమిది అడుగులు. కాసేపు పెదాలు కదిలిస్తూ లెక్క వేసుకున్నాడు.

“సార్, గది మూలలు సక్కగున్నయా లేవా అని సూసేటందుకు మేం గీ మూలకెల్లి గా మూలకు దారం లాగుతం. గట్ల లాగి సూద్దమా?”

దారం అతని సంచిలోనే ఉంది. కొలను ఈ మూల నుంచి ఎదురు మూలకు లాగి, ఆ దారాన్ని టేపు మీద పెట్టి చూశాం. ఎనభై రెండు అడుగులకు ఒక్క అంగుళం తక్కువ. ఐదడుగులు పోయాయనుకున్న కొలనులో, అడ్డంగా చూస్తే పూర్తి దూరం ఇన్నేళ్లూ ఉండనే ఉంది. పొద్దున టేపు పట్టుకుని అంచు చుట్టూ తిరిగిన నాకు అది కనపడలేదు.

మొదట అతని కూతురే దిగింది. దారం కింద, మూల నుంచి మూలకు, తిరిగి మళ్లీ మూలకు. మూలలో కాళ్లతో గట్టిగా తన్నే వీలు లేదు, అందువల్ల అది పెద్ద కొలనుకు ఇంకా దగ్గర. నలభై ఎనిమిదిన్నర. ఆమె నిచ్చెన పట్టుకుని పైకి చూసింది, నా వైపు కాదు, తండ్రి వైపు.

“అబ్బా, ఇది అసలుదా?”

“అసలుదే బిడ్డా.”

“అయితే ఇంకెన్ని రోజులున్నయి సార్?” అని అప్పుడు నన్ను అడిగింది.

బోర్డు మీది నలభై ఆరును తుడిచేశాను. ఆ అంకె కూడా ఈ పొట్టి కొలనులో కొట్టిన టైముల నుంచే తీసినది. మూడు వారాలు పిల్లలు ఒకరి తరువాత ఒకరు దారం కింద ఈదారు. వంతు కోసం కొట్లాడుకున్నారు కూడా. చివరి రోజు ఆ అమ్మాయి నలభై ఏడుకు వచ్చింది. పోటీలకు తయారవుతున్న నలుగురినీ హైదరాబాదు తీసుకుపోయాను. అక్కడ ఆమె నలభై ఏడుకు కొద్దిగా పైన ఈదింది, ఏడో స్థానం. మిగతా ముగ్గురి టైములు కూడా దారం కింద వచ్చిన వాటికి అటూ ఇటూగానే ఉన్నాయి. తిరుగు బస్సులో నేను భయం అన్న మాట ఎత్తవలసిన అవసరం రాలేదు.

వచ్చిన మరునాడు గోడ మీది నీలం అక్షరాలను నేనే కొట్టేసి, ‘77 అడుగులు’ అని రాశాను. ఆ తరువాత పాత నోటు పుస్తకాలు ముందు పెట్టుకుని, ఆరేళ్లలో నేను పిరికివాళ్లని అన్న పిల్లలకు ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. కొందరికి ఆ సంగతి గుర్తే లేదు. ఒకరు గట్టిగా నవ్వారు. ఒక అమ్మాయికి మాత్రం అంతా గుర్తుంది. వాళ్ల కుటుంబం అప్పుడు నల్లగొండలో ఉండేది, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో. ఆమె నర్సింగు చదువుతోంది. ఆ పోటీల తరువాత ఈత మానేసిన పిల్ల ఆమె.

“నాకు నీళ్లంటె భయమనే అనుకున్న సార్, ఇన్నేండ్లు” అన్నది. తరువాత, “నాకు చెప్తె సరిపోదు సార్. మా అమ్మ ముందర గూడ చెప్పాలె. మీరు అమ్మ ముందరనే అన్నరు” అన్నది.

ఆ ఆదివారం పొద్దున బస్సెక్కి మహబూబ్‌నగర్ వెళ్లాను. వాళ్లమ్మ నీళ్లు ఇచ్చి, కుర్చీ వేసింది. అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. మీ బిడ్డ ఆ రోజు భయపడలేదమ్మా, నేను కొలను కొలవలేదు అని చెప్పాను. వాళ్లమ్మకు ఒక్కసారికి అర్థం కాలేదు. అందుకని గోడ సంగతి, బండల సంగతి, దారం సంగతి మొదటి నుంచి మళ్లీ చెప్పాను.