మగ్గం గుంటలో దొరికిన చీకటి చరిత్ర

అబద్ధాలు చెప్పడంలో మా ఊళ్లో నా తర్వాతే ఎవరైనా. గద్వాల కోట వాకిలికి ఎదురుగా రేడియోలు, మిక్సీలు బాగుచేసే దుకాణం నాది. రేడియోల కాలం పోయి సెల్‌ఫోన్ల కాలం వచ్చాక చేసే పని తగ్గింది, చెప్పే తీరిక పెరిగింది. అమ్రాబాద్ అడవిలో ఎదురైన పులి నన్ను తినబోయి, ఎముకలు చూసి, పాలమూరు కరువులో పెరిగినవాణ్ణని జాలిపడి, అడవి దాటేదాకా తోడొచ్చి దిగబెట్టిందన్న కథ నేను చెప్పని మనిషి ఊళ్లో లేడు. నమ్మిన మనిషీ లేడు. అందరూ నవ్వేవాళ్లు, పైగా చాయ్ నేనే తాగించేవాణ్ణి. అబద్ధానికి ఉండాల్సిన మర్యాద అదే. అది అబద్ధమని వినేవాడికి తెలుస్తూ ఉండాలి. దానివల్ల ఎవరి పొయ్యీ ఆరకూడదు.

ఆ హైదరాబాదు గైడును చూస్తే నాకు ఒళ్లు మండింది అందుకే.

ఆదివారం వస్తే చాలు, కోట ముందు ఒక మినీబస్సు ఆగేది. నెత్తిన టోపీ, నడుముకు స్పీకరు డబ్బా, మూతి ముందర మైకు పెట్టుకొని ఆయన దిగేవాడు. వెనకాల నీళ్ల సీసాలు, తెల్ల బూట్లు, నల్ల కళ్లద్దాలు దిగేవి. బస్సుకు కట్టిన బ్యానరు మీద ‘చీకటి చరిత్రలోకి నడక’ అని రాసి ఉండేది. నడినెత్తిన ఎండ పెట్టుకొని చీకట్లోకి నడవడం పట్నం వాళ్లకే చెల్లింది.

ఆయన కథలకు పెద్ద బుర్ర అక్కర్లేదు. గోడలో కన్నం కనబడితే అందులోంచి ఎవరినో తోసేశారు. బావి కనబడితే ఎవరో దూకారు. గొడ్లు నీళ్లు తాగే రాతి తొట్టి కనబడితే అందులో కత్తులు కడిగారు. ఏ కాలంలో, ఎవరి హయాంలో అని అడిగితే "ఆ రోజుల్లో" అనేవాడు. ఆ రోజులు ఎంత పెద్దవో గానీ, ఆయన ఏది పారేసినా అందులో పట్టేది. ఇక వినేవాళ్లు, ఒక చేత్తో బిస్కెట్ పొట్లం విప్పుతూనే రెండో చేత్తో కళ్లు తుడుచుకునేవాళ్లు. ఇంట్లో పనిమనిషికి జ్వరమొస్తే నమ్మని జనం, ఉన్నాడో లేడో తెలియని ఖైదీ కోసం అయ్యో అయ్యో అనేవాళ్లు. నేను దుకాణం మూసి వాళ్ల వెనకే నడిచేవాణ్ణి. ఊళ్లో సినిమా టాకీసు కంటే అది నయం, టికెట్టు లేదు.

నా నవ్వు ఆగిపోయింది మాత్రం కోట వెనక సందులో.

ఆ సందులో ఒక అక్క ఉండేది. నాకు రక్తసంబంధం ఏమీ లేదు, సందంతటికీ ఆమె అక్కే. పెనిమిటి పోయాక మగ్గం తానే నడుపుకొంటోంది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసేచోట అతుకు తెలియకుండా నేయడంలో ఆమె చెయ్యి పెట్టింది పేరు. పెళ్లిళ్ల కాలానికి ముందు బజారులో చీరలమ్మే సేటు పడుగు, అంటే చీర పొడవునా పోయే నూలు, పట్టుతో సహా ఆమెకు ఇచ్చేవాడు. ఆ పెళ్లిచీరలే ఆమెకు ఏడాది తిండి. అవి లేకపోతే విత్తనాల కోసం వేసే సీడ్ పత్తి చేన్లలో రోజంతా నిలబడి పూలు గిల్లే కూలి ఒక్కటే మిగులుతుంది. మోకాళ్లు పట్టేసిన మనిషి, ఆ పని ఆమె వల్ల కాదు.

మా దిక్కు మగ్గం నేలలో ఉంటుంది. ముందు గదిలో గుంట తవ్వి, గట్టు మీద కూర్చొని, కాళ్లు గుంటలోకి జారవిడిచి నేస్తారు. కాళ్లతో తొక్కే పలకలు గుంట అడుగున తాళ్లకు వేలాడుతుంటాయి. ఆ ఎండాకాలం చెదలు పట్టిందని అక్క మగ్గం చట్రం విప్పి, బాగుచేయమని వడ్రంగం చేసే వడ్లాయనకు ఇచ్చింది. గుంట ఒక్కటే నోరు తెరుచుకొని ఉంది, అడుగున ఆ పలకలతో.

గైడు ఆ సందులోకి మళ్లాడు. తెరిచిన తలుపులోంచి గుంటను చూశాడు. బంగారం దొరికినవాడి మొహం పెట్టాడు.

చీరలు కొనడానికి వచ్చారనుకొని అక్క అందరినీ లోపలికి పిలిచింది. చాప పరిచింది, చెంబుతో నీళ్లిచ్చింది.

"ఫ్రెండ్స్, దగ్గరికి రండి" అన్నాడు గైడు గొంతు తగ్గించి. "ఇది మామూలు గుంట కాదు. శిక్ష పడిన మనిషిని ఇందులో నడుము దాకా దింపేవాళ్లు. ఆ కింద చెక్కలు చూశారా? అవి బొండకొయ్యలు. వాటి మధ్య కాళ్లు బిగించేవాళ్లు. ఎదురుగా కాపలావాడు అన్నం తింటూ కూర్చునేవాడు."

ఆ స్పీకరు గరగరలో అక్కకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందరూ తన గుంటను ఫొటోలు తీస్తుంటే మురిసిపోయి, అందులో పడి ఉన్న చీపురు తీసి పక్కన పెట్టింది.

"బాబూ, అది మగ్గం గుంట" అన్నాను నేను.

గైడు నన్ను చూసి చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు నవ్వాడు. "అంకుల్, లోకల్స్ అట్లాగే అనుకుంటారు. తరతరాలుగా దాచిపెట్టిన విషయం కదా ఇది."

నేను చెప్పే నిజాలే తక్కువ. వాటిలో ఒకటి అట్లా నేలపాలైంది.

ఆ గుంపులో పత్రికలో రాసే మనిషి ఒకాయన ఉన్నాడట. జిల్లా పేజీలో ఫొటో పడింది, పైన ‘మగ్గాల సందులో నరకపు గుంట’ అని. అక్క ఇంటి గడప, గడప మీది పసుపుతో సహా కనబడింది. వారం తిరక్కముందే సేటు దగ్గరి నుంచి కబురొచ్చింది, ఈసారి అక్కకు పడుగు లేదని.

నేను సేటు దుకాణానికి పోయాను. ఆయన గల్లాపెట్టెకు అగరొత్తులు తిప్పుతున్నాడు.

"సేటూ, గా గుంట ఏందో నీకు తెల్వదా?"

"ఎందుకు తెల్వదు? నేను పుట్టిందే మగ్గమింట్ల. మా అమ్మ గుంట పక్కకే ఉయ్యాల గట్టి, నన్ను ఊపుకుంట నేసింది."

"మరి ఏందింక?"

"నాకు తెలిస్తే అయితదా? కొనేటోళ్లకు తెల్వాలె గద. పెండ్లి చీర ఏ ఇంట్ల నేసిండ్రని అడుగుతరు. పేపర్ల వడ్డ ఇల్లాయె. శవాల గుంటలకెల్లి వచ్చిన చీర పెండ్లిపిల్లకు గడతరా?"

"శవాలెక్కడియి సేటూ గాడ!"

"అగో, నీ నోట్లెకెల్లి గూడ శవాల మాటే వచ్చె. నేను జెప్పేది గదే."

అమ్మ ఊపిన ఉయ్యాలను అంత తేలిగ్గా అమ్ముకున్న మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు. అగరొత్తి మాత్రం శ్రద్ధగా తిప్పాడు.

నిజం పనికిరాలేదు, సరే, నా సరుకు నా దగ్గర ఉంది కదా అనుకున్నాను. మరుసటి ఆదివారం గైడు కంటే ముందే అక్క గడప ముందు నిలబడ్డాను. "గీ గుంటల నేసిన చీర కట్టుకున్న కొత్తకోడలుకు ఎదురుండదమ్మా. ఏడాది దాకా అత్త నోరు పెగలదు!" అని గట్టిగా చెప్పాను. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. గెలిచాననుకున్నాను. గైడు వెంటనే మైకు అందుకున్నాడు. "విన్నారా? శాపం ఉందన్న నమ్మకం ఇప్పటికీ పోలేదు. అత్తల గొంతులు ఊరికే పోతాయా?" అన్నాడు. నవ్వినవాళ్లంతా మొహాలు ముడుచుకున్నారు. ఇన్నేళ్లు చెక్కిన నా చేతివిద్యను నమలకుండా మింగేశాడు.

వాళ్లు పోయాక అక్క నన్ను కడిగేసింది.

"తమ్మీ, నీ కథలు హోటల్ కాడ జెప్పుకో. వాడు ఒకటి జెప్పె, నువ్వు ఒకటి జెప్తివి. నా ఇల్లే దొరికిందా మీ ఇద్దరికి? నాకు పడుగు గావాలె, కథ గాదు."

వడ్లాయన చట్రం బాగుచేసి తెచ్చాడు. గుంట మీద మగ్గం కనబడుతున్నా గైడు కథ మారలేదు, మగ్గం తర్వాత పెట్టిందనేవాడు. మిగిలిపోయిన పాత నూలుతో అక్క తువ్వాళ్లు నేయడం మొదలుపెట్టింది. పొయ్యి మీద ఒక పూట మాత్రమే ఏదో ఉడికేది. చేన్ల మేస్త్రీ ఒకసారి వచ్చి, పనికి వస్తావా అని అడిగిపోయాడు.

పెళ్లిళ్ల కాలం దగ్గరపడ్డాక సేటుకు చెమటలు పట్టాయి. అక్కకు బదులు వేరే ఇళ్లకు పడుగు ఇచ్చినచోటల్లా అతుకు ముడతలు పడుతోంది, కొనేవాళ్లు విప్పిచూసి విసిరికొడుతున్నారు. ఒక మధ్యాహ్నం నేను అక్క ఇంట్లో ఫ్యాను బాగుచేస్తుంటే పెరటి తలుపు చప్పుడైంది. సేటు. చంకలో దుప్పటి కప్పిన మూట.

"అక్కా, పడుగు దెచ్చిన, పట్టు గూడ దెచ్చిన. ఎవ్వరికి జెప్పకు. వేరే ఇంట్ల నేసినయని నేను జెప్పుకుంట."

అక్క మూటను ముట్టలేదు. "సేటూ, ఇన్నేండ్లు పడుగు ఏ దిక్కుకెల్లి దెస్తుంటివి?"

"ముంగటికెల్లి."

"గట్లనే తే. ఆదివారం తే, గా బస్సోళ్లు ఉన్నప్పుడు. లేకుంటే ఒద్దు."

"జర అర్థం జేస్కో అక్కా. నా దుకాణం..."

"నీకు దుకాణం ఉన్నది. నాకు గీ గడప ఉన్నది."

చేతికొచ్చిన ఏడాది తిండిని పెరటి దారిలోనే వెనక్కి తోసేస్తోంది. నా ప్రాణం ఆగలేదు. "తీస్కో అక్కా" అని గొణిగాను.

"నువ్వు ఫ్యాను జూడు" అంది.

సేటు మూటతోనే పోయాడు. ఇక రాడనే అనుకున్నాను. ఎందుకొస్తాడు, అమ్మనే అమ్ముకున్నవాడు?

ఆదివారం గైడు గడప ముందు "బొండకొయ్య" దాకా వచ్చాడో లేదో, సందు మొదట్లో సేటు కనబడ్డాడు. మూట భుజాన, దుప్పటి లేదు. మొహం మాత్రం ఎవరో బలవంతంగా తోలుకొస్తున్నట్టు ఉంది. గుంపు దారిచ్చింది. ఒకావిడ అదేమిటని అడిగింది.

"పెండ్లి చీరల పడుగు" అన్నాడు సేటు నేల చూపులు చూస్తూ. "గీ అక్కనే నేస్తది."

"ఈ గుంటలోనా?"

"గుంటల గాకుంటే మంచం మీద నేస్తరా అమ్మా?" అని కసిరాడు. ఆ కసురు ఎవరి మీదో ఆయనకే తెలియాలి.

గైడు ఏదో అనబోయాడు. ఈలోగా అక్క బయటికొచ్చి మూట విప్పింది. కొత్త పడుగును సందు పొడవునా చాచి, తెగిన పోగులు ముడివేసుకున్నాకే మగ్గానికి ఎక్కించాలి. దానికి చేతులు కావాలి. సందులో ఎవరు నిలబడి ఉంటే వాళ్లే పట్టాలి, పడుగు ముట్టేవాళ్ల కాళ్లకు చెప్పులుండకూడదు. మా దగ్గర అది పద్ధతి.

"చెప్పులు ఇడ్సుండ్రి. వరుసగ నిలవడుండ్రి" అంది గుంపుతో.

తెల్ల బూట్లన్నీ గోడవారకు చేరాయి. కాలే నేల మీద పట్నం పాదాలు ఎగిరెగిరి పడ్డాయి. గైడు మాత్రం వెనక్కి జరిగాడు.

"మేడం, మేం ఇంకా చూడాల్సిన చోట్లు ఉన్నాయి."

"గన్నిసార్లు నా ఇంట్లకొచ్చి నిలవడితివి గద బిడ్డా, ఒక్క కొస పట్టరాదా?"

అందరూ ఆయన వంక చూశారు. టోపీ సర్దుకున్నాడు. బూట్లు విప్పాడు. రెండు చేతులూ కావాలి కాబట్టి మైకు కూడా తీసి గోడ మీద పెట్టాడు. పడుగు చివరి కొస పట్టుకొని, కాలు మార్చి కాలు ఎత్తుతూ నిలబడ్డాడు. నేనూ సేటూ చెరోవైపు నడుస్తూ తెగిన పోగులు చూపిస్తున్నాం.

"ఇంకా ఎంతసేపు అక్కా?" అన్నాడు గైడు చివరనుంచి, మైకు లేని గొంతుతో.

అక్క ముడి వేస్తూ తలెత్తలేదు.

"గట్టిగ పట్టు. సడలిస్తివంటే చిక్కు వడ్తది."