వాడిపట్టి అమ్మ ఎదుట మా మామ

మా మేనమామ పోయారని పోదనూరు నుంచి తంతి వచ్చింది. కట్టుకున్న చీరతోనే మదురైలో బండెక్కాను.

ఒకప్పుడు మిల్లు యజమానులు, జమీందారులు, దొరసానులు ఆయన చేత పటం వేయించుకోవడానికి నెలల తరబడి కాచుకునేవారు. కొయ్యపెట్టెల మీద రంగులతో పూలు వేసి బతికే ఇంట్లో పుట్టిన మనిషి. బంగళాలకు కోటు తొడుక్కుని వెళ్లేవారు. ఇంటికి రాగానే అది విప్పి సంకటి ముందు కూర్చునేవారు. "పెద్దోళ్ల ఇంటికి పోతే చెప్పులు బయట ఇడువు, కండ్లు ఇడవద్దు" అనేవారు. ఆ మాట ఒకసారి ఆయనే తప్పారు.

కోయంబత్తూరులో ఒక మిల్లు యజమాని భార్య కాన్పులో పోయింది. ఫోటో ఒక్కటీ లేదు. ఆమె పటం వేయమని మామను పిలిపించారు. ఆ ఇంటి ఆడవాళ్లు పరాయి మగవాడితో మాట్లాడరు గనుక మామ నన్ను లోపలికి పంపేవారు. అప్పటికి నేను ఇద్దరు బిడ్డల తల్లిని. చనిపోయినామె పోలికలు వాళ్లనడిగి వచ్చి చెబితే ఆయన గీసేవారు. ఎడమ కనుబొమ మీద కాలిన మచ్చ ఉండేదని అందరూ అన్నారు.

"మచ్చ వద్దు" అన్నారు యజమాని. మామ తలూపారు.

పటం ముగిసిన రోజు హాలు నిండా చుట్టాలు. వాడిపట్టి నుంచి ఆమె తల్లి వచ్చి పటాన్ని చాలాసేపు చూసింది.

"పడం బాగుండాది సామీ. ఆనా ఇది నా కూతురు కాదు."

యజమాని మొహం నల్లబడింది.

"దాని మచ్చ యాడ? పసిబిడ్డప్పుడు పొయ్యి కాడ నా చేతిలోంచే జారిపడింది బిడ్డ. ఆ మచ్చ చూసి చూసి పెంచినా."

మామ సర్దుకున్న కుంచెలు మళ్లీ విప్పారు. నా వైపు తిరిగి, "ఏ పక్కమ్మా?" అన్నారు. ఆయనకు తెలుసు. అయినా అడిగారు.

"ఎడమ" అన్నాను.

"కుంచె పెట్టినావంటే ఈ ఊర్లో ఏ మిల్లు గడపా తొక్కలేవు" అన్నారు యజమాని.

మామ ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని మచ్చ వేశారు. ముసలామె దాని మీద చెయ్యి పెట్టబోయి, తడి చూసి గాలిలోనే ఆపింది.

"వచ్చినావా కన్నూ" అంది.

యజమాని అన్నంత పనీ చేశారు. మిల్లు ఇళ్ల నుంచి మళ్లీ పిలుపు రాలేదు. పటం వాడిపట్టికి చేరింది. యజమాని ఏటా భార్య తిథికి అక్కడికి వెళ్లి దాని ముందు ఒంటరిగా కూర్చుంటారని తరువాత విన్నాము. మామ పోదనూరు రైల్వే ఇళ్ల మధ్య కాపురం పెట్టి, గార్డులనూ ఫైర్‌మన్లనూ వాళ్ల అమ్మలనూ వేస్తూ బతికారు.

"చింత లేదా మామా?" అని ఒకసారి అడిగాను.

"ఉండాది. ముందే భయపడి మచ్చ ఇడిచిపెట్టినానే, అదీ."

నేను పోదనూరు చేరేసరికి పాడె కట్టేశారు. గడపలో నిలబడి చూశాను. వీధి పొడుగునా ఇంటింటివాళ్లూ ఆయన వేసిన పటాలు బయటికి తెచ్చి కుర్చీల్లో నిలిపారు. పాడె మలుపు తిరిగింది. జనం వెనకే వెళ్లిపోయారు. ఖాళీ వీధిలో, ఎండలో, ఆ మొహాలు మాత్రం మిగిలాయి.